మైకు ముందు కాగితం వణికితే

మైకు ముందు నిలబడగానే చేతిలో కాగితం వణుకుతుంది, చూపు నేలకు దిగిపోతుంది. మొన్న దేవరకొండ దగ్గర రైతు వేదికలో మాట్లాడాల్సి వచ్చినప్పుడు కాగితం మానేసి, పాత శుభలేఖ అట్ట వెనుక నాలుగు ముక్కలు పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. అట్ట రెపరెపలాడదు. ఎడమ, మధ్య, కుడి వరుసల్లో ఒక్కొక్కరిని ఎంచుకుని, ఒక్కో వాక్యం ఒక్కొక్కరిని చూస్తూ పూర్తి చేశాను. వాక్యం అయ్యాక రెండు సెకన్లు ఆగాలి. మనకు అది యుగంలా ఉంటుంది కానీ, వెనుక వరుసలో తువ్వాలుతో విసురుకుంటున్న పెద్దాయన చెయ్యి ఆపి తలెత్తింది అప్పుడే. ఒక చేత్తో అట్ట పట్టుకుని, మీ రెండో చెయ్యి నడుము ఎత్తులో, అరచెయ్యి తెరిచి ఉంచండి. వేలు చూపిస్తే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. రాత్రి సభల్లో లైట్లు కళ్లలో పడి ముఖాలు కనిపించకపోతే చూపుల పద్ధతి పనిచేయదు, అట్ట ఒక్కటే దిక్కు.