పోయిన నగను వెతకడం – 3వ పాఠం: నగ ఆకారం, నేల గుణం

పోయిన రెండు పాఠాల్లో మెటల్ డిటెక్టర్ బిగించుకోవడం, గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజాలకు మోగకుండా మెషీన్‌ను సరిచేయడం) చేసుకోవడం, కాయిల్‌ను నేలకు రెండు వేళ్ల ఎత్తులో సమంగా ఊపడం నేర్చుకున్నాం. పెరట్లో ఒక వెండి ఉంగరం, ఒక రూపాయి బిళ్ల, ఒక మేకు పాతిపెట్టి మూడింటి మోతలూ వినమన్నాను. ఇంకా చేయకపోతే ముందు ఆ పని కానిచ్చి రండి. చెవి అలవాటు పడకుండా ఈ పాఠం చదివినా పెద్దగా లాభం ఉండదు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఎవరిదో నగ ఆరుబయట పోయింది, మిమ్మల్ని పిలిచారు. పోయిన వస్తువేమిటో తెలుసు. ఏ పూట పోయిందో, ఏ చుట్టుపక్కల పోయిందో కూడా కొంత తెలుసు. ఇంత తెలిసి ఉండి కూడా కారు దిగగానే మెషీన్ ఆన్ చేసి ఎటు పడితే అటు నడిచేవాళ్లే ఎక్కువ. స్విచ్ నొక్కేముందు ఒక్కటి అడగండి: ఆ నగ ఏ ఆకారంలో ఉంటుంది?

డిటెక్టర్‌కు బంగారం విలువ తెలియదు. కాయిల్ నుంచి వెళ్లే మారే అయస్కాంత క్షేత్రం లోహంలో చిన్న చిన్న విద్యుత్ ప్రవాహాలను పుట్టిస్తుంది. వీటినే ఎడ్డీ కరెంట్లు అంటారు. వాటినుంచి తిరిగొచ్చే స్పందనే మనకు మోతగా వినిపిస్తుంది. కరెంటు గుండ్రంగా తిరగడానికి దారి ఉంటే మోత బాగా వస్తుంది, ఆ దారి తెగిపోతే నీరసిస్తుంది. అందుకే రెండు గ్రాముల ఉంగరం పలికినంత గట్టిగా పది గ్రాముల గొలుసు పలకకపోవచ్చు. ఉంగరం అతుకు లేని చుట్టు. గొలుసులో మాత్రం ప్రతి లింకూ మెషీన్‌కు ఒక్కో చిన్న వస్తువు కిందే లెక్క.

మన నగలకు దీన్ని వర్తింపజేయండి. పెళ్లి ఉంగరం, అతుకు లేని గాజు సులువుగా దొరికే రకం. కాలి మెట్టెలు చాలావరకు వేలికి సరిపెట్టుకునేలా కొసలు విడిగా ఉంటాయి. చుట్టు మూసుకోదు కాబట్టి వెండిదైనా మెట్టె మోత తక్కువే. పట్టీలదీ గొలుసు కథే. ఇక పుస్తెలతాడు పోయిందంటే తాడు కోసం వెతక్కండి, పుస్తెల కోసం వెతకండి. రెండు బిళ్లలూ బిళ్లలే కాబట్టి స్పష్టంగా పలుకుతాయి. పసుపుతాడు అయితే ఎలాగూ పలకదు. నల్లపూసల దండలో లాకెట్టో, కొక్కెమో మోగితే మోగినట్టు. గొలుసు కుప్పగా పడితే కాస్త నయం, సాగిపోయి పడితే కష్టం.

ఉంగరం నిలువుగా ఇసుకలో దిగి ఉన్నా మోత తగ్గుతుంది. ఒక్కోసారి ఒకటికి రెండు మోతలు పక్కపక్కన వినిపిస్తాయి. ఒక దిక్కునే ఊపితే దాటిపోయే ప్రమాదం ఉంది. ఎలా తప్పించుకోవాలో కింద చెబుతాను.

కింద ఉన్నది ఏ రకం లోహమో సూచిస్తూ డిటెక్టర్ తెరమీద కనిపించే అంకె గురించి ఒక హెచ్చరిక. ఇంటర్నెట్‌లో చూసే వీడియోల్లో చాలావరకు 9, 10, 14 క్యారెట్ల ఉంగరాలే ఉంటాయి. అమెరికా, బ్రిటన్‌లలో అవే ఎక్కువ. మనవాళ్ల చేతికి ఉండేది 22 క్యారెట్లది. అందులో కల్తీ లోహం తక్కువ, విద్యుత్తు బాగా ప్రవహిస్తుంది. అదే సైజు ఉంగరం మన దగ్గర ఇంకొంచెం పై అంకె చూపిస్తుంది. కాబట్టి వాళ్లు చెప్పిన అంకెను బట్టీ పట్టకండి. పోయినదానికి దగ్గరగా ఉండే నగ ఆ ఇంట్లోనే ఇంకొకటి ఉంటుంది, అడగండి. భార్యాభర్తలు జతగా చేయించుకున్న ఉంగరాలైతే మరీ మంచిది. దాన్ని దారానికి కట్టి నేలమీద పెట్టి, కాయిల్ ఊపి, ఆ మోతను చెవిలో నింపుకుని పని మొదలుపెట్టండి. దారం ఎందుకంటే, ఒకటి వెతకబోయి రెండోది పోగొట్టుకోకుండా.

డిస్క్రిమినేషన్ (కొన్ని లోహాల మోత వినబడకుండా ఆపే సెట్టింగ్) జోలికి పెద్దగా వెళ్లొద్దు. సన్నటి బంగారం, మాత్రల షీటు వెనకుండే అల్యూమినియం రేకు తెరమీద ఒకే చోట కనిపిస్తాయి. రేకుల గోల వద్దనుకుని ఆ భాగాన్ని ఆపేస్తే ఉంగరాన్ని కూడా ఆపేసినట్టే. ఇనుము వరకు ఆపుకోండి చాలు, మిగతా ప్రతి మోతా తవ్వాల్సిందే. విసుగు పుడుతుంది. అయినా తవ్వాలి.

ఇక పోగొట్టుకున్న మనిషితో మాట్లాడటం. ఈ పనిలో సగం ఇదే అని నా అభిప్రాయం. "ఎక్కడ పోయిందండీ?" అంటే వాళ్లు చూపించేది పోయిందని గమనించిన చోటు. అది పడిన చోటు కాకపోవచ్చు. "చేతికి ఉన్నట్టు ఆఖరిసారి గ్యారంటీగా ఎప్పుడు చూసుకున్నారు?" అని అడగండి. ఆ రోజు ఫోన్లో తీసుకున్న ఫోటోలు వరసగా చూడండి. ఏ ఫోటోలో ఉంగరం ఉంది, ఏ ఫోటో నుంచి లేదు? వెనక కనిపించే చెట్టు, బండి, మెట్లు చోటును పట్టిస్తాయి. ఏ చేతికి, ఏ వేలికి? చేతులు తడిగా ఉన్నాయా, నూనె రాసుకున్నారా? బంతి విసిరారా? స్నానానికి తీసి కొంగున ముడేశారా, జేబులో వేసుకున్నారా, తువ్వాల్లో చుట్టారా? తువ్వాల్లో చుట్టి ఉంటే దాన్ని ఎక్కడ దులిపారో అక్కడినుంచే మొదలు. పెద్దావిడ ఎవరైనా టెన్షన్‌లో ఏడుస్తూ ఉంటే ముందు కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. కంగారులో చెప్పిన చోటు పది నిమిషాల తర్వాత మారుతుంది.

చోటు తేలాక పురికొస, నాలుగు కర్రలు బయటికి తీయండి. మీటరు వెడల్పున వరసలు గీసుకుని, కాయిల్ ఊపు ఒకదానిమీద ఒకటి సగం పడేలా నిదానంగా నడవండి. వరి కోసేవాళ్లు మునం పట్టినట్టు, పట్టిన మునం పూర్తయ్యాకే పక్కదానికి వెళ్లాలి. మొత్తం అయ్యాక అదే చోటును అడ్డంగా మళ్లీ మొదటినుంచి వెతకాలి. నిలువుగా దిగిన ఉంగరం దొరికేది ఎక్కువగా ఈ రెండో విడతలోనే. పది మీటర్ల చదరానికి ఒక్కో విడత గంట పట్టినా ఆశ్చర్యపోకండి. చూడటానికి వచ్చినవాళ్లు "ఇక్కడ చూడండి, అక్కడ చూడండి" అంటూనే ఉంటారు. తల ఊపండి, వరస మాత్రం తప్పకండి.

మీ ఒంటిమీద లోహం సంగతి కూడా చూసుకోండి. 1881లో తూటా తగిలిన అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో ఆ తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఇలాంటి పరికరమే పట్టుకెళ్లాడు. ఫలితం లేకపోయింది. పరుపులోని ఉక్కు స్ప్రింగులు కూడా అందుకు ఒక కారణమని చెబుతారు. మన దగ్గర ఆ స్ప్రింగుల పని చేసేవి బూట్లలోని ఇనుము, చేతి కడియం, పక్కనే పట్టుకుని నిలబడ్డ పార. పారను కనీసం రెండు మీటర్ల దూరంలో ఉంచండి.

నేల విషయానికొస్తే, పొడి మట్టి, గడ్డి మైదానం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చిక్కంతా సముద్రపు ఒడ్డునే. విశాఖ, భీమిలి తీరాల్లో ఇసుకమీద నల్లటి చారలు చూసే ఉంటారు. అందులో ఇల్మనైట్, గార్నెట్‌తోపాటు మాగ్నెటైట్ కూడా ఉంటుంది. ఈ మాగ్నెటైట్ మెషీన్‌ను బాగా తికమక పెడుతుంది. ఒక అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇసుకలో ఈడ్చండి. నల్ల రేణువులు గడ్డంలా అంటుకుంటే నేల మొండిదని అర్థం. అలాంటి చోట గ్రౌండ్ బ్యాలెన్స్ పార్కింగ్ దగ్గర చేసుకుని రాకండి, ఆ చారమీదే మళ్లీ చేయండి. సెన్సిటివిటీ కొంచెం తగ్గించండి. లోతు కొంత పోతుంది కానీ అబద్ధపు మోతలు తగ్గుతాయి. పల్స్ ఇండక్షన్ (కరెంటును విడివిడి పల్సులుగా పంపే) రకం మెషీన్లు ఇలాంటి నేలను బాగా తట్టుకుంటాయి. కాకపోతే ఇనుమేదో, బంగారమేదో సరిగా తేల్చవు, అన్నీ తవ్విస్తాయి.

రెండో చిక్కు ఉప్పు తడి. ఉప్పునీటితో తడిసిన ఇసుక తానే విద్యుత్తును మోస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే చవక మెషీన్లు పొడి ఇసుకనుంచి తడి ఇసుకలోకి దిగగానే గోల పెడతాయి. ఇక్కడ వరసలు ఒడ్డునుంచి నీటివైపు కాకుండా, నీటి అంచుకు సమాంతరంగా గీసుకోండి. ఒక వరసలో తడి ఒకే రకంగా ఉంటుంది కాబట్టి మెషీన్ కుదురుగా ఉంటుంది. కొనబోయేవాళ్లు ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు వాడే రకం తీసుకుంటే ఈ బాధ చాలావరకు ఉండదు.

అలలు తాకే చోట పడిన బంగారం బరువుకు గబగబా కిందికి దిగుతుంది. అందుకే పిలుపు రాగానే ఆటుపోట్ల వేళలు చూడండి. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ నీరు మరింత వెనక్కి తగ్గుతుంది, ఎక్కువ నేల బయటపడుతుంది. ఆటుకు గంటన్నర ముందు మొదలుపెట్టి, నీటి వెనకే కిందికి దిగుతూ వెతకండి. మోకాళ్లు దాటిన నీళ్లలోకి మాత్రం వెళ్లొద్దు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తల వంచుకుని ఉన్న మనిషికి అల చప్పుడు వినబడదు. రుషికొండ, యారాడల్లో ఈతగాళ్లే కొట్టుకుపోయారు.

నాట్లప్పుడు మడిలో పోయిన ఉంగరానికి వేరే తొందర ఉంది. రైతును అడిగి ట్రాక్టర్ ఆపించాలి. రోటవేటర్ తిరిగిందంటే ఉంగరం వంకరపోవచ్చు, చోటూ మారిపోతుంది. నీరు తీసేశాక వెతికితే అడుగుల గుంటల్లోనే, బెత్తెడు లోతులో దొరికే అవకాశం ఎక్కువ. ఇక పుష్కర ఘాట్లలో భక్తులు వేసిన చిల్లరతో సహనం పోతుంది. రూపాయి, రెండు రూపాయల బిళ్లలు అయస్కాంతానికి అంటుకునే స్టీలువి. ముందు తాడుకట్టిన అయస్కాంతంతో పైపైన ఏరేస్తే పని తేలికవుతుంది.

మోత తగిలాక పారతో నేరుగా పొడవకండి. 22 క్యారెట్ల బంగారం మెత్తన, గీత పడితే మీకే మాట. రెండు దిక్కుల ఊపి మధ్యబిందువు పట్టుకుని, జానెడు పక్కనుంచి తాపీతో తవ్వండి. తీసిన మట్టిమీద కాయిల్ ఆడించి, గుంటలోనూ ఇంకోసారి చూడండి. గుంట పూడ్చండి. దొరికిన చెత్త సంచిలో వేసుకోండి, అక్కడే వదిలేస్తే రేపు మళ్లీ మీరే తవ్వాలి.

చట్టం మాట కొంచెం. మన ఊళ్లలో డిటెక్టర్ కనబడితే గుప్తనిధుల ముఠా అనుకుంటారు, అలా అనుకోవడంలో తప్పేం లేదు కూడా. నగ పోయిన మనిషి పక్కన లేకుండా వెతకడానికి వెళ్లొద్దు, స్థలం యజమానిని అడగకుండా కాలు పెట్టొద్దు. గోల్కొండ, వరంగల్ కోట, గండికోట లాంటి రక్షిత స్థలాల్లో తవ్వడం నేరం. అక్కడ నగ పోతే సిబ్బందికి చెప్పి ఊరుకోవాలి. వెతుకుతుండగా పాతకాలపు నిక్షేపం ఏదైనా బయటపడి, విలువ పది రూపాయలు దాటితే, 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. వేరేవాళ్ల నగ దొరికితే పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి. హాల్‌మార్క్ పక్కన నగకు ప్రత్యేక గుర్తింపుగా వేసే, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ ఉంటే అది కూడా రాయించండి, అసలు యజమానిని తేల్చడానికి పనికొస్తుంది.

ఈ వారం అభ్యాసం: రాగి తీగతో వేలి సైజులో రెండు చుట్లు చేయండి. ఒకదాని కొసలు టంకం వేసి కలపండి, రెండోదానికి అర అంగుళం ఖాళీ వదలండి. రెండూ ఒకే లోతులో పాతి మోత పోల్చండి. తర్వాత ఒక గిల్టు గొలుసును కుప్పగా, తర్వాత సాగదీసి, రెండు రకాలుగా పెట్టి వినండి. వచ్చే పాఠం ముక్కుపుడక, చెవి దిద్దు గురించి. వాటికి పెద్ద కాయిల్ పెద్దగా పనికిరాదు. పిన్‌పాయింటర్ (గుంటలో లోహం చోటు చూపే చిన్న చేతి డిటెక్టర్) ఒకటి, బియ్యం జల్లెడ ఒకటి సిద్ధంగా పెట్టుకోండి.