ఇంట్లో కోడిగుడ్లు పొదిగించాలంటే: గుడ్డు ఎంపిక నుంచి పిల్లకు టీకా దాకా

గుడ్లు పొదిగించాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ ఇంక్యుబేటర్ (గుడ్లకు వేడినిచ్చే పెట్టె) కొనాలని. పెట్టె సంగతి తర్వాత, గుడ్లు ఎక్కడివో చెప్పమంటాను నేను. కిరాణా కొట్లో అట్టల్లో వచ్చే ఫారం గుడ్లకు ఎన్నాళ్లు వేడి పెట్టినా పిల్లలు రావు, ఆ పెట్టల దగ్గర పుంజే ఉండదు కాబట్టి. పుంజు తిరిగే మందలోని గుడ్లు తెచ్చుకోండి. ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ గుడ్లూ పొదుగుతాయి. కాకపోతే అవి సంకర రకాలు, తల్లి గుణాలన్నీ పిల్లలకు రావు. ఆ పెట్టలు పొదుగుకు కూర్చోవడం కూడా అరుదే. అందుకే పల్లెల్లో వాటి గుడ్లను నాటు పెట్ట కింద పెడతారు.

గుడ్డు మధ్యరకం సైజులో ఉండాలి. మరీ గుండ్రంగా ఉన్నవి, సన్నగా సాగినవి వద్దు. రెండు గుడ్లను మెల్లగా తాకించి చూడండి, బీట ఉన్నదైతే చప్పుడు బొంగురుగా వస్తుంది. మురికిగా ఉందని కడగకండి. పెంకు మీద ఉండే సన్నని పూత సూక్ష్మక్రిములను లోపలికి రానివ్వదు, నీళ్లు తగిలితే అది పోతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు, అప్పటికీ పోకపోతే ఆ గుడ్డు కూరకు.

గుడ్లను లావు వైపు పైకి పెట్టి దాచాలి, వారం దాటనివ్వకూడదు. మన వాతావరణంలో ఎక్కువ గుడ్లు చెడిపోయేది ఇక్కడే. దాచే గుడ్డుకు 18 డిగ్రీల చల్లదనం కావాలి. ఎండాకాలంలో మామూలు గదిలో పెడితే పిండం అరకొరగా ఎదగడం మొదలుపెట్టి, చాలినంత వేడి అందక చనిపోతుంది. ఫ్రిజ్ మరీ చల్లన. మా అత్తయ్య చేసే పద్ధతే నేనూ చేస్తాను. మట్టి కుండను నీడలో తడి ఇసుకలో సగం దాకా పాతి, లోపల ఊక పోసి, దాంట్లో గుడ్లు పెట్టి, పైన పలుచని గుడ్డ కట్టాలి. ఇసుకను రోజూ రెండు పూటలా తడపాలి. అయినా నడి మే నెలలో పొదుగు పెట్టకండి. సంక్రాంతి తర్వాత రెండు నెలలు మంచి అదను.

పొదుగుకు వచ్చిన పెట్ట ఇంట్లో ఉంటే మెషీను జోలికి పోవద్దంటాను. అది రాత్రి కూడా గూడు వదలదు, చెయ్యి పెడితే ఈకలు విప్పి గుర్రుమంటుంది. గంపలో ఎండుగడ్డి, దాని కింద కాస్త బూడిద, నాలుగు వేపాకులు వేసి, చీకటి పడ్డాక పది పన్నెండు గుడ్లు కింద పెట్టండి. వేడి, తేమ, తిప్పడం అన్నీ అదే చూసుకుంటుంది. రోజుకొకసారి దించి గింజలు, నీళ్లు పెట్టి మళ్లీ ఎక్కనివ్వడమే మీ పని. గంపలో ఇనుప మేకు, ఎండు మిరపకాయ పెట్టనిదే మా అత్తయ్య ఊరుకోదు, ఉరుములకు గుడ్లు చెడతాయని ఆమె నమ్మకం. పెట్టకు ఇబ్బంది లేదు కనుక నేనూ పెడతాను.

పెట్ట లేకపోతే మెషీను. ఫ్యాను ఉన్న పెట్టెలో 37.5 డిగ్రీలు ఉండాలి. ఫ్యాను లేనిదైతే గుడ్ల పైభాగం ఎత్తులో 38.5 దాకా ఉండాలి. పెట్టె మీద కనిపించే అంకెను గుడ్డిగా నమ్మకండి. జ్వరం చూసే థర్మామీటరును గుడ్ల మీద పెట్టి పది నిమిషాలాగి చూడండి, ఫ్యాను పెట్టెలో 99.5, ఫ్యాను లేనిదాంట్లో 101.3 ఫారన్‌హీట్ రావాలి. తేమ మీటరుకూ ఒక పరీక్ష ఉంది. సీసా మూతలో ఉప్పు పోసి, నాలుగు చుక్కల నీళ్లతో తడిపి, మీటరుతో పాటు గాలి చొరబడని డబ్బాలో రాత్రంతా ఉంచితే పొద్దుటికి 75 చూపాలి. 70 చూపిందంటే అది అయిదు తక్కువ చెబుతున్నట్టు.

మొదటి 18 రోజులు తేమ 50–55 శాతం, చివరి మూడు రోజులు 65–70 ఉండాలి. మాది తెనాలి పక్క పల్లె. వానాకాలంలో ఇక్కడ గాలిలోనే చాలినంత తడి ఉంటుంది, మొదటి 18 రోజులు పెట్టెలోని గిన్నెలో నీళ్లే పోయను. అంకె కంటే నేను నమ్మేది గాలి గదిని, అంటే గుడ్డు లావు వైపు లోపల గాలి ఉండే ఖాళీని. ఏడో రోజు చీకటి గదిలో, ఫోను టార్చి మీద చిల్లు పెట్టిన అట్ట ఉంచి, గుడ్డు లావు వైపు ఆనించి చూడండి. నల్లని కన్ను, దాని చుట్టూ సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తే ప్రాణం ఉంది. పసుపుగా, ఖాళీగా ఉంటే పుంజు కలవని గుడ్డు. ఎర్రని వలయం ఒక్కటే కనిపిస్తే పిండం చనిపోయింది, వెంటనే తీసేయండి. లేకపోతే మురిగి పగిలి మిగతావాటినీ పాడు చేస్తుంది. గాలి గది అంచున పెన్సిలుతో గీత గీసి, 14న, 18న మళ్లీ చూడండి. 18వ రోజుకు అది గుడ్డులో దాదాపు మూడో వంతు ఉండాలి. చిన్నగానే ఉంటే తేమ ఎక్కువైంది, గిన్నెలో నీళ్లు తగ్గించాల్సింది.

రోజుకు మూడుసార్లైనా తిప్పాలి. ఒక పక్క ఇంటూ, రెండో పక్క సున్నా గుర్తు పెట్టుకుంటే పొరపాటు రాదు. గంటో రెండు గంటలో కరెంటు పోతే కంగారు పడకండి, మూత తీయకుండా దుప్పటి కప్పండి. చలి కంటే వేడే ప్రమాదం. 40 దాటితే పిల్లలు దక్కవు.

18వ రోజు తిప్పడం ఆపి, నీళ్లు పోసి, మూత వేశాక మళ్లీ తెరవకూడదు. 20వ రోజుకు పెంకు లోపలి నుంచే కీచుమని అరుపు వినిపిస్తుంది, తర్వాత చిన్న చిల్లు పడుతుంది. ఆపైన గంటల తరబడి ఏ కదలికా ఉండదు. అప్పుడే అందరి చేతులూ ఊరుకోవు. దయచేసి పెంకు ఒలవకండి. ఆ గంటల్లో పిల్ల పొరలోని నెత్తురును, మిగిలిన పచ్చసొనను లోపలికి పీల్చుకుంటూ ఉంటుంది. మీరు లాగితే నరాలు తెగి నెత్తురు కారుతుంది. మూత తెరిస్తే తేమ పోయి పొర ఎండి పిల్లకు అంటుకుపోతుంది. చిల్లు పడ్డాక ఒక రోజు పట్టినా ఆగాలి. ముందు వచ్చిన పిల్లలు ఆకలికి చస్తాయన్న భయం వద్దు, కడుపులోని సొన రెండు రోజులు సరిపోతుంది.

నూగు ఆరాక బయటికి తీసి, బల్బు కింద 35 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించండి. పొదుగులో ఉన్న పెట్ట ఎవరింట్లోనైనా ఉంటే ఇంకా మేలు. రాత్రి చీకట్లో పిల్లలను ఒక్కొక్కటిగా దాని రెక్కల కిందికి తోస్తే చాలాసార్లు తనవే అనుకుంటుంది. తెల్లవారాక మాత్రం కాసేపు పక్కనే ఉండి, పొడవడం లేదని చూసుకోండి.

నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయండి, పిల్లలు మునగవు. నూకలతో సరిపెట్టకుండా మొదటి వారాలు చిక్ స్టార్టర్ దాణా పెట్టండి. అయిదు నుంచి ఏడు రోజుల మధ్య కొక్కెర తెగులుకు లసోటా టీకా ఒక్కో చుక్క కంట్లో వేయించాలి. ఆ సీసాలో కనీసం వంద పిల్లలకు సరిపడా ఉంటుంది, కలిపాక ఐసు మీదే ఉంచి రెండు గంటల్లోపు వాడేయాలి. కాబట్టి పిల్లలున్న ఇరుగుపొరుగుకు ముందే చెప్పి, అందరూ ఒకే పొద్దున వేయించుకోండి.