అమ్మమ్మ పాటల నోట్‌బుక్కుని ఆన్‌లైన్‌లో పెట్టాలంటే

కోనసీమలోనూ, ఇటు పాలకొల్లు, నరసాపురం వైపూ పాత ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున పాటల నోట్‌బుక్కులు ఇంకా ఉన్నాయి. రామదాసు కీర్తనలు, నారాయణ తీర్థుల తరంగాలు, త్యాగరాజ కృతులు, మధ్యలో ఓ జావళీ, అంటే చిన్న శృంగార గీతం. మీ ఇంట్లో ఉంటే ఆలస్యం చేయకండి, మన డెల్టా తేమకి కాగితం ఆగదు.

ముందు ఫోటోలు. పుస్తకాన్ని ఎండలో పెట్టొద్దు, నీడలో ఆరనిచ్చి, అరుగు మీద పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్ సరిగ్గా పైన పట్టుకుని ప్రతి పేజీ తీయండి, అట్ట లోపలి వైపు కూడా, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అక్కడ రాసి ఉండొచ్చు. తర్వాత టైపింగ్, అది యూనికోడ్‌లోనే, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలో. 'అను' అనే పాత తరహా ఫాంట్లలో డీటీపీ చేయించిన ఫైలు నెట్‌లో పెడితే పిచ్చి అక్షరాలొస్తాయి, వెతికినా దొరకదు.

అసలు జాగ్రత్త పాఠం దగ్గర, అంటే పాటలోని మాటల దగ్గర. నెట్‌లో ఉన్నదానితో పోల్చి మీ నోట్‌బుక్కుని దిద్దేయకండి, దయచేసి. త్యాగరాజ కృతులు తమిళ లిపిలో చాలా తిరిగాయి. ఆ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, తేడా తెలిసేలా పక్కన అంకె వేయకపోతే 'కానము', 'గానము' ఒకేలా కనిపిస్తాయి. అలా వచ్చిన తప్పులు మన అమ్మమ్మల తెలుగు రాతలో ఉండకపోవచ్చు. ఉన్నది ఉన్నట్టు టైపు చేసి, వేరే చోట్ల మాటలు తేడాగా ఉంటే వాటిని కింద పాఠభేదాలుగా ఇవ్వండి. ముత్తుస్వామి దీక్షితార్ కృతులైతే 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలోనే అచ్చయిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' పుస్తకంతో పోల్చుకోవచ్చు. రాగం, తాళం మీ ఇంట్లో పాడేవే రాయండి, రామదాసు కీర్తనల్ని ఒక్కొక్కరు ఒక్కో రాగంలో పాడతారు కాబట్టి ఇందులో టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

అర్థం రాసేటప్పుడు ముందు పదాలు విడగొట్టి, ప్రతిపదార్థం రాసి, ఆ తర్వాతే తాత్పర్యానికి వెళ్లండి. క్షేత్రయ్య పదమైతే, అంటే ఆయన రాసిన శృంగార గీతమైతే, మాట్లాడుతున్నది నాయికా, చెలికత్తా, నాయకుడా అన్నది మొదటి వరుసలోనే చెప్పాలి, అది తెలియకపోతే అర్థం మొత్తం తలకిందులవుతుంది. శృంగారాన్ని భక్తిగా మార్చి రాయడం నాకస్సలు నచ్చదు. గోదావరి జిల్లాల్లో ఈ పదాల్ని అభినయంతో సహా నిలబెట్టింది ఆటపాటలే వృత్తిగా బతికిన కళావంతుల కుటుంబాల ఆడవాళ్లు. ఆడపిల్లల్ని గుళ్లకు అంకితమివ్వడాన్ని నిషేధించిన 1947 నాటి దేవదాసీ చట్టం తర్వాత కూడా ఇళ్లలో పాడుకుంటూ దాచారు, వాళ్ల పాటని మెత్తబరిచే హక్కు మనకి లేదు. అలాంటి ఇంటి నుంచి నోట్‌బుక్కు వస్తే, పేరు వేయాలా వద్దా అని ముందే అడగండి.

త్యాగరాజు 1847లో పోయారు, ఆయన సాహిత్యం ఎవరైనా పెట్టుకోవచ్చు. ఈమధ్య అచ్చయిన పుస్తకంలోని అనువాదం అలా కాదు, రాసినవారు పోయాక 60 ఏళ్ల వరకు హక్కులుంటాయి, కాబట్టి అర్థం మీ మాటల్లోనే రాయండి.