720720ని ప్రధాన కారణాంకాలుగా విప్పడం ఎలా?

పెద్ద సంఖ్య కనిపిస్తే నేను వెంటనే 2తో భాగించడం మొదలుపెట్టేవాణ్ణి. అది తప్పనను, కానీ ముందు సంఖ్యను కాసేపు ఊరికే చూడండి. 720720లో 720 రెండుసార్లు వచ్చింది కదా? మూడంకెల ముక్క ఇలా పక్కపక్కనే రెండుసార్లు వస్తే, ఆ సంఖ్య 1001 గుణిజమే. ఎందుకంటే 720000 + 720 అంటే 720 × 1001.

1001 అంటే 7 × 11 × 13. ఈ ఒక్కటి బట్టీ పట్టండి. ఇది తెలియక నేను 7తో, 13తో కాగితం నిండా భాగహారాలు చేసి, మధ్యలో ఒక సున్నా మింగేసి, మళ్లీ మొదటికొచ్చిన రోజులున్నాయి.

720 సులువే: 2⁴ × 3² × 5. రెండూ కలిపితే 720720 = 2⁴ × 3² × 5 × 7 × 11 × 13.

మొత్తం కారణాంకాలు ఎన్నో తెలియాలంటే ప్రతి ఘాతాంకానికీ 1 కలిపి గుణించండి. 5 × 3 × 2 × 2 × 2 × 2 = 240. ఘాతాంకం రాయని 5, 7, 11, 13లకు అది 1 అని మర్చిపోవద్దు, చాలామంది తప్పేది అక్కడే.

720720 కంటే చిన్న సంఖ్య దేనికీ 240 కారణాంకాలు లేవు. పైగా 1 నుంచి 16 వరకు అన్నింటి క.సా.గు. ఇదే. 17 దగ్గర మాత్రం మొరాయిస్తుంది. 18తో మళ్లీ భాగం పోతుంది, 40040 వస్తుంది.