పాత లగ్జరీ కారు కొనేముందు టేపు పట్టుకెళ్లండి

పదేళ్లు దాటిన బెంజ్, ఆడి లాంటి కార్లు హైదరాబాద్‌లో తక్కువ ధరకు దొరికితే మా మహబూబ్‌నగర్ వాళ్లు ఆశపడి తెచ్చుకుంటారు. ఆ బండికి ఎయిర్ సస్పెన్షన్ (స్టీలు స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచుల మీద బండిని నిలిపే ఏర్పాటు) ఉంటే డబ్బు ఇచ్చేముందు ఒక రాత్రి ఆగండి.

సాయంత్రం చదునైన నేల మీద బండి ఆపి, ప్రతి చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ (చక్రం మీది బాడీ రేకు) అంచు దాకా కొలిచి రాసుకోండి. పొద్దున డోరు కూడా తీయకముందే మళ్లీ కొలవండి. డోరు తీస్తే కొన్ని బండ్లలో సిస్టమ్ మేల్కొని ఎత్తు సరిచేసుకుంటుంది. ఒక మూల మాత్రమే రెండు మూడు సెంటీమీటర్లు దిగిందంటే అక్కడి రబ్బరు గాలి సంచి మీద ముందు అనుమానపడాలి. సబ్బు నీళ్లు చల్లితే లీకు దగ్గర బుడగలు వస్తాయి.

లీకును వదిలేస్తే సంచుల్లోకి గాలి కొట్టే కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది. మా బావ బండికి మెకానిక్ కంప్రెసర్ ఒక్కటే మార్చాడు. లీకు అలాగే ఉండటంతో కొత్తదీ పోయింది, రెండుసార్లు ఖర్చు.

స్టీలు స్ప్రింగులకు మార్చుకోవచ్చు. ఎత్తు పెంచే సౌకర్యం, ఆ మెత్తదనం పోతాయి. డాష్‌బోర్డులో హెచ్చరిక లైటు రాకుండా ఒక మాడ్యూల్ (చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె) కూడా కావాలి. అయినా జడ్చర్ల దాటాక బండి కూలబడితే పడే టెన్షన్ కంటే, ఎక్కువ ఏళ్లు ఉంచుకునేవాళ్లకు స్ప్రింగులే నయమని నా అభిప్రాయం.

గాలి మీద నిలబడిన బండి కిందికి మాత్రం స్టాండ్లు పెట్టకుండా ఎవరినీ దూరనివ్వకండి.