పిస్టల్ తప్పా, చెయ్యి తప్పా: ఒక్క సాయంత్రంలో తేల్చుకోవడం ఎలా

షూటింగ్ రేంజ్‌లో నలుగురు కూర్చుంటే ఏ కంపెనీ పిస్టల్ మంచిదన్న వాదన రాకుండా ఉండదు. ఒకరు స్టెయర్ అంటారు, ఒకరు మోరిని అంటారు, ఇంకొకరు పార్దినీ ట్రిగ్గర్ ముందు మిగతావన్నీ దిగదుడుపే అంటారు, చివరికి ఎవరో పెద్దాయన "చెయ్యి కుదిరితే ఏ పిస్టలైనా పది కొడుతుంది, కుదరకపోతే ఏదీ కొట్టదు" అని తేల్చేసి టీకి వెళ్లిపోతారు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మనకు ఊరికే పుట్టలేదు, నిజమే. కానీ మద్దెల నిజంగానే ఓడైన రోజులు కూడా ఉంటాయి. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్‌కు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ పాడైంది, బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి, 600కు 575తో 12వ స్థానంలో ఆగిపోయింది. అదే మనిషి 2024లో పారిస్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం తెచ్చింది. కాబట్టి వాదించుకోవడం ఎందుకు, పరీక్ష పెట్టి చూసుకుందాం. నాకు తెలిసింది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్, అందుకే అంకెలన్నీ దానివే చెప్తాను. కావలసింది ఓ 50 పెల్లెట్లు, నాలుగైదు కాగితం టార్గెట్లు, సాయం చేసే కోచ్.

ముందు ఒక మాట స్పష్టం చేసుకోవాలి. గుంపు (గ్రూపు, అంటే షాట్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయో) వేరు, గురి (అవి ఎక్కడ పడ్డాయో) వేరు. టార్గెట్ నడిమి గడి పది, బయటికి పోయేకొద్దీ అంకె తగ్గుతుంది. పది షాట్లూ ఏడో గడిలో ఒకే మూల దగ్గరదగ్గరగా పడితే మీ గ్రూపు బాగున్నట్టే, రేర్ సైట్ (పిస్టల్ వెనక ఉండే గురి గాడి) స్క్రూ కొన్ని క్లిక్కులు తిప్పితే పని అయిపోతుంది. పది షాట్లూ టార్గెట్ అంతా చెల్లాచెదురుగా పడితే ఏ స్క్రూ తిప్పినా లాభం లేదు. ఇది తెలియక నేను మొదటి ఏడాదంతా క్లిక్కులు తిప్పుతూనే గడిపాను. షాట్లు ఎడమ కిందికి పోతున్నాయని సైట్‌ను కుడి పైకి తిప్పేవాణ్ని, మర్నాడు ఇంకోవైపు పోయేవి, మళ్లీ తిప్పేవాణ్ని. పిస్టల్‌లోనే ఏదో ఉందని గట్టిగా నమ్మాను.

మొదటి పరీక్ష పిస్టల్‌కే. మ్యాచ్ పిస్టల్ కొన్నప్పుడు పెట్టెలో చిన్న కార్డు ఒకటి వస్తుంది, ఫ్యాక్టరీలో బిగించి కొట్టిన ఐదు షాట్ల కార్డు. చాలామంది దాన్ని పెట్టెలోనే వదిలేస్తారు. తీసి చూడండి, ఐదు పెల్లెట్లూ కలిసి ఒకే చిల్లుగా ఉంటాయి. రేంజ్‌లో వైస్ (పిస్టల్‌ను కదలకుండా పట్టి ఉంచే బిగింపు) ఉంటే కోచ్ దగ్గరుండి బిగించి పెడతారు, మీరు వాడే పెల్లెట్లతో ఐదు కొట్టండి. నాది అలా కొట్టినప్పుడు వచ్చిన చిల్లులో ఒక కందిగింజ పెడితే సరిగ్గా పట్టింది. పది గడి వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. అంటే పిస్టల్ వదిలిన ప్రతి పెల్లెట్టూ పదిలోనే ఉంది, దాన్ని ఏడుకీ ఆరుకీ మోసుకెళ్లింది నేనే. ఆ కార్డు చూశాక కాసేపు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

ఇక్కడ కొంచెం లెక్క చూడాలి, ఎందుకంటే కొత్త పిస్టల్ మీద లక్షలు పెట్టే ముందు అందరూ చూసుకోవాల్సిన లెక్క ఇది. పిస్టల్ చెదురు, మనిషి చెదురు మామూలుగా కూడుకోవు, వర్గాలుగా కూడుకుంటాయి. మీ చేతి చెదురు 40 మిల్లీమీటర్లు, పిస్టల్‌ది 6 అనుకోండి. 40 వర్గం 1600, 6 వర్గం 36, మొత్తానికి వర్గమూలం తీస్తే సుమారు 40.4. లోకంలో ఎక్కడా లేని, అసలు చెదురే లేని పిస్టల్ తెచ్చుకున్నా 40.4 కాస్తా 40 అవుతుంది, అంతే. అదే 18 మిల్లీమీటర్లలో కొట్టే షూటర్‌కు పిస్టల్, పెల్లెట్ కలిపి 12 చెదిరితే గ్రూపు 21.6కి పోతుంది, 6కి తగ్గిస్తే 19కి వస్తుంది. ఆ స్థాయిలో ఒక్కో పాయింటుకు నాలుగైదు స్థానాలు మారతాయి కాబట్టి వాళ్లు పెల్లెట్ల బ్యాచ్‌లు మార్చి మార్చి చూడటంలో అర్థం ఉంది. 540 కొట్టేవాళ్లు 575 కొట్టేవాళ్ల జబ్బుకు మందు వాడితే ఏం ప్రయోజనం?

రెండో పరీక్ష మార్పిడి. మీకంటే బాగా కొట్టే ఒకరిని అడిగి, కోచ్ ఒప్పుకుంటేనే, మీ పిస్టల్‌తో వాళ్లు పది షాట్లు, వాళ్ల పిస్టల్‌తో మీరు పది షాట్లు కొట్టండి. గ్రిప్ ఒకరి చేతికి చెక్కింది ఇంకొకరికి పట్టదు, కాబట్టి కొంచెం తేడా ఉంటుందని ముందే అనుకోండి. మా రేంజ్‌లో ఇంటర్ చదివే ఒక అమ్మాయి నా పిస్టల్ తీసుకుని, "అంకుల్, మీ గ్రిప్ చాలా పెద్దది" అంటూనే 94 కొట్టింది. ఆమె పిస్టల్‌తో నాకు 86 వచ్చింది. నా పిస్టల్‌తో నాకు రోజూ వచ్చేది కూడా 86, 87లే. వాదన అక్కడికి ఆగిపోయింది.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. టార్గెట్ కాగితాన్ని తిప్పి పెట్టండి. నల్ల గుండ్రం ఉండదు, తెల్ల కాగితమే. దాని మధ్యలో అంచనాగా పది షాట్లు కొట్టండి. మామూలు టార్గెట్ మీద గ్రూపుతో పక్కపక్కన పెట్టి చూస్తే చాలామందికి తెల్ల కాగితం మీద గ్రూపే చిన్నదిగా వస్తుంది. ఎందుకంటే చూడటానికి అక్కడ ఏమీ లేదు, కన్ను తనంతట తాను ఫ్రంట్ సైట్ (పిస్టల్ ముందు కొసన ఉండే గురి ముక్క) మీదికి వచ్చేస్తుంది. నల్ల గుండ్రం ఉన్నప్పుడు మనకు తెలియకుండానే చూపు దాని మీదికి పోతుంది, సైట్ మసకబారుతుంది. ఆ మసకలో ఎంత నష్టమో చూడండి: రెండు సైట్ల మధ్య దూరం సుమారు 320 మిల్లీమీటర్లు, టార్గెట్ 10 మీటర్ల దూరం. రేర్ సైట్ గాడిలో ఫ్రంట్ సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే టార్గెట్ దగ్గర 31 మిల్లీమీటర్లు అవుతుంది. నడిమధ్య పడాల్సిన పది ఏడైపోతుంది. అదే సైట్లు సరిగ్గా వరుసలో ఉండి చెయ్యి మొత్తం 5 మిల్లీమీటర్లు ఊగితే టార్గెట్ మీద కూడా 5 మిల్లీమీటర్లే, అది పదే. మనం చెయ్యి ఊగుతోందని టెన్షన్ పడతాం, నిజానికి ముంచేది సైట్ల వరుస తప్పించే మణికట్టు.

ఈ పరీక్ష చేశాక తెల్ల కాగితం గ్రూపు చిన్నగా వస్తే మీ సమస్య చూపు. అదీ పెద్దగానే వస్తే వేలు, మణికట్టు, పట్టు చూసుకోవాలి. కుడిచేతి వాటం వాళ్లకు షాట్లు ఎడమ కిందికి పోతుంటే తొంభై పాళ్లు ట్రిగ్గర్‌ను ఒక్కసారిగా లాగేస్తున్నారని అర్థం, నా కథ అదే. నియమాల ప్రకారం ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు, అరకిలో చక్కెర పొట్లం ఎత్తినంత. దాన్ని వేలు ఒక్కటే నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి, కానీ "ఇప్పుడు కుదిరింది, వదిలేయ్" అని మనసు అన్న క్షణంలో చెయ్యి మొత్తం బిగుసుకుంటుంది. దీనికి ఇంట్లో డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) తప్ప మందు లేదు. పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, ఎదురుగా ఖాళీ గోడ, రోజూ పావుగంట. క్లిక్ అన్నప్పుడు ఫ్రంట్ సైట్ కదిలిందా లేదా, అదొక్కటే చూడండి.

దీంతోపాటు ఒక అలవాటు చేసుకోండి. షాట్ పేలగానే మానిటర్ చూడకుండా "ఎనిమిది, ఎడమ కింద" అని చెప్పండి, తర్వాత చూడండి. చెప్పినచోటే పడితే తప్పు మీదే, అది మీకు తెలుసు కూడా, తెలిసింది దిద్దుకోవచ్చు. పది అని నమ్మకంగా చెప్పిన షాట్లు పదే పదే వేరే చోట పడుతుంటే అప్పుడు పిస్టల్ వైపు చూడాలి.

పారిస్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ దికేచ్ మామూలు కళ్లద్దాలతో, జేబులో చెయ్యి పెట్టుకుని మిక్స్‌డ్ టీమ్ రజతం గెలిచాక "సామాను అక్కర్లేదు, చూడండి" అని చాలామంది ఫొటో పంపుకున్నారు. ఆయన వదిలేసింది ప్రత్యేక లెన్సునీ, కన్నుకు అడ్డం పెట్టే పలకనీ మాత్రమే. చేతిలో ఉన్నది అసలుసిసలు మ్యాచ్ పిస్టలే. జేబులో చెయ్యి కూడా స్టైల్ కాదు, దాదాపు అందరూ భుజం కదలకుండా అలాగే పెట్టుకుంటారు.

ఇక పిస్టల్ తప్పే అని తేలితే. ముందు సైట్ స్క్రూలు, బారెల్ బిగింపు, గ్రిప్ స్క్రూ వదులయ్యాయేమో చూడండి, సగం కేసులు అక్కడే తీరిపోతాయి. పెల్లెట్ డబ్బా కింద పడిందా? అంచులు నొక్కుకున్న పెల్లెట్లు పక్కన పడేయండి. గాలి సిలిండర్ గేజ్‌తోపాటు దాని మీద ముద్రించిన తేదీ కూడా చూడండి, గడువు దాటిన సిలిండర్ చేతికి, ముఖానికి ప్రమాదం. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అయితే బ్యాటరీ. వైస్‌లో కొట్టిన గ్రూపు గుండ్రంగా కాకుండా నిలువుగా సాగితే గాలి సరఫరా అనుమానించాలి: పెల్లెట్ వేగం సెకనుకు 150 మీటర్ల నుంచి 140కి పడితే 10 మీటర్ల దగ్గర అది 3 మిల్లీమీటర్లు ఎక్కువ కిందికి దిగుతుంది. సీల్ అరిగితే, రెగ్యులేటర్ (గాలి ఒత్తిడిని సమంగా ఉంచే భాగం) మొరాయిస్తే ఇలాగే ఉంటుంది. వీటిని ఇంట్లో విప్పొద్దు.

రెండేళ్ల తర్వాత నా పిస్టల్‌కు నిజంగానే ఇది వచ్చింది. మొదటిసారి "సరిగ్గా కొట్టట్లేదు" అని మాత్రం రాసి సర్వీసుకు పంపాను. రెండు నెలలు పెట్టుకుని, అంతా బాగానే ఉంది, ప్రాక్టీస్ చేయండని తిరిగి పంపారు, చాలా బాధేసింది. రెండోసారి వైస్‌లో కొట్టిన మూడు కార్డులు, వాటి పక్కన పాత ఫ్యాక్టరీ కార్డు, వాడిన పెల్లెట్ పేరు, సిలిండర్‌లో ఉన్న ప్రెషర్ అన్నీ రాసి జతచేశాను. పదకొండో రోజు కొత్త సీల్‌తో వచ్చింది, లోపల ఐదు షాట్ల కార్డు కూడా పెట్టారు.