హెచ్‌పీవీ పరీక్ష ఎలా చేయించుకోవాలి? ‘పాజిటివ్’ వస్తే ఏం చేయాలి?

ముప్పై దాటిన ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేస్తామని ఆశా కార్యకర్త వచ్చి చెప్తే, కోనసీమలోనైనా భీమవరం చుట్టుపక్కల పల్లెల్లోనైనా ముందు వినిపించే మాట ‘నాకేం లేదు కదా, నాకెందుకు?’ అనే. హెచ్‌పీవీ అంటే గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ తెచ్చే వైరస్. అది ఉన్నా నొప్పి ఉండదు, జ్వరం రాదు, తెల్లబట్ట కూడా కాకపోవచ్చు. అందుకే ఏ బాధా లేనివాళ్లకే ఈ పరీక్ష అవసరం. సంభోగం తర్వాత రక్తం కనబడినా, ముట్లుడిగాక మళ్లీ రక్తం పడినా, దుర్వాసనతో నీళ్లలా అవుతున్నా శిబిరం కోసం ఎదురు చూడకండి. నేరుగా స్త్రీల వైద్యురాలి దగ్గరకు వెళ్లండి.

ముందు అంకెను అర్థం చేసుకోండి

మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లా పల్లెల్లో 30–59 ఏళ్ల మహిళలపై చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2009లో వచ్చాయి. అక్కడ హెచ్‌పీవీ పరీక్ష చేసినవాళ్లలో నూటికి సుమారు 10 మందికి క్యాన్సర్ తెచ్చే రకాలు కనిపించాయి. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో మరో బృందం చూస్తే ఆ అంకె నూటికి దాదాపు 17. దాన్ని చూసి అక్కడివాళ్లకు జబ్బు ఎక్కువని తేల్చేయకూడదు. దిండిగల్‌లో క్యాన్సర్‌తో సంబంధం లేని రకాలను కూడా లెక్కలో కలిపారు, 16 ఏళ్ల వయసు నుంచీ తీసుకున్నారు. కాబట్టి ఎక్కడైనా ఇలాంటి శాతం చదివితే ఏ రకాలను లెక్కించారు, ఏ వయసువాళ్లను చూశారు అన్న రెండు ప్రశ్నలు వేసుకోండి.

ఉస్మానాబాద్ లెక్కన చూస్తే, ముప్పై దాటిన పదిమంది ఆడవాళ్లు వరి నాట్లకు వెళ్తే వాళ్లలో ఒకరికి ఈ రోజున వైరస్ ఉండొచ్చు. అది కూడా ఒక్క రోజు లెక్క మాత్రమే. దాంపత్య జీవితం మొదలైనవాళ్లలో ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. పదిలో తొమ్మిది సార్లు రెండేళ్లలోపే శరీరం దాన్ని వదిలించుకుంటుంది. పోకుండా ఏళ్ల తరబడి తిష్ఠ వేసినదే ప్రమాదం, అందులోనూ 16, 18 అనే నంబర్లున్న రకాలు. ప్రపంచంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతం ఆ రెండింటివల్లే. అలా ఉండిపోయింది కూడా క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15–20 ఏళ్లు పడుతుంది. ఆ వ్యవధే మనకున్న అవకాశం.

రోజు ఎంచుకోండి

నెలసరి మొదలైన రోజును ఒకటిగా లెక్కపెట్టి, 10 నుంచి 20వ రోజు మధ్యలో వెళ్లండి. రక్తం ఉంటే నమూనా పాడవుతుంది. దానికి ముందు 48 గంటలు సంభోగం వద్దు, లోపల పెట్టుకునే మాత్రలు, క్రీములు వద్దు. ఎక్కువమంది చేసే పొరపాటు ఇంకొకటుంది. డాక్టరమ్మ చూస్తుందని సిగ్గుపడి సబ్బుతో లోపలి దాకా కడుక్కుని వస్తారు. పరీక్షకు కావలసిన కణాలు అలా కొట్టుకుపోతాయి. పైన మామూలుగా స్నానం చేస్తే చాలు.

సార్వా, దాళ్వా నాట్లు ముమ్మరంగా ఉన్నప్పుడు కూలి పోతుందని పరీక్ష వాయిదా పడుతుంది. రొయ్యల ప్లాంట్లలో పనిచేసేవాళ్లదీ అదే ఇబ్బంది. ముందే ఏఎన్ఎంతో మాట్లాడుకుని, నాట్లకూ కోతలకూ నడుమ దొరికే ఖాళీలో తేదీ పెట్టించుకోండి. గర్భవతులు కాన్పయ్యాక మూడు నెలలు ఆగవచ్చు.

ఏ పరీక్షో అడిగి తెలుసుకోండి

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సాధారణంగా చేసేది వీఐఏ. ముఖద్వారానికి 3–5 శాతం ఎసిటిక్ యాసిడ్ రాసి, నిమిషం ఆగి చూస్తారు. కణాలు మారిన చోట తెల్లటి మచ్చ తేలుతుంది. ఫలితం అప్పటికప్పుడే వస్తుంది, ఖర్చు తక్కువ. అయితే నిమిషం కాకముందే చూసినా, ద్రావణం పలచనైనా మచ్చ దొరకదు. వాపు ఉంటే లేని మచ్చ ఉన్నట్టు కనిపిస్తుంది. ముట్లుడిగాక కణాలు మారే చోటు లోపలికి జరిగిపోతుంది కనుక 50 దాటినవాళ్లకు వీఐఏ మీద ఆధారపడటం మంచిది కాదు.

పాప్ స్మియర్‌లో కణాలు గీసి తీసి మైక్రోస్కోపు కింద చూస్తారు. దాన్ని మూడేళ్లకోసారి చేయించుకోవాలి.

హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష వైరస్‌నే వెతుకుతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట చేయాల్సింది ఇదేనని చెప్పింది. 30 ఏళ్లకు మొదలుపెట్టి 5–10 ఏళ్లకోసారి చాలు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 25కే మొదలుపెట్టి 3–5 ఏళ్లకోసారి చేయించుకోవాలి. ఇరవైల్లో ఉన్న మిగతావాళ్లకు ఇది వద్దు. ఆ వయసులో వైరస్ వచ్చి పోతూనే ఉంటుంది, దొరికితే ఊరికే బెంగ. ఉస్మానాబాద్‌లో ఒక్కసారి ఈ పరీక్ష చేసిన ఊళ్లలో, ఏ పరీక్షా చేయని ఊళ్లతో పోలిస్తే, ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

నమూనా మీరే తీసుకుంటుంటే

డీఎన్‌ఏ పరీక్షకు నమూనా మీరే తీసుకోవచ్చు, వీఐఏకూ పాప్‌కూ అది కుదరదు. మగ డాక్టరున్న చోటికి వెళ్లలేనివాళ్లకు ఇది మంచి దారి. వైరస్ డీఎన్‌ఏను ఎన్నో రెట్లు పెంచి వెతికే పీసీఆర్ పద్ధతిలో పరీక్షిస్తే దీని ఫలితం డాక్టరు తీసిన నమూనాకు దాదాపు సమానంగా వస్తుంది.

చేతులు కడిగి తుడుచుకోండి. గొంతుక్కూర్చుని గానీ, ఒక కాలు ముక్కాలిపీట మీద పెట్టి గానీ నిలదొక్కుకోండి. బ్రష్ కొన దేనికీ తగలకూడదు, మీ చేతికి కూడా. నూనె, జెల్ రాయవద్దు. మెల్లగా రెండు అంగుళాలు లోపలికి పోనిచ్చి, ఆగేచోట ఒకే దిక్కుగా నాలుగైదు చుట్లు తిప్పండి. తీసి నేరుగా ట్యూబులో పెట్టి మూత గట్టిగా బిగించండి. ట్యూబులో ద్రవం ఉంటే పారబోయవద్దు, నమూనాను కాపాడేది అదే. పేరు, వయసు, తేదీ అక్కడే రాయండి. బ్రష్ కింద పడితే కడిగి వాడకుండా కొత్తది అడగండి.

ఫలితం చూశాక

నెగెటివ్ అయితే తర్వాతి తేదీని ఆధార్, రేషన్ కార్డులున్న సంచిలో రాసి పెట్టుకోండి.

పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు. భర్త మీదో భార్య మీదో అనుమానపడటానికి సాక్ష్యం అంతకంటే కాదు. వైరస్ ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు, ఎప్పుడు ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. ఇంట్లో ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఫలితం వచ్చాక జరిగే గొడవకు భయపడి రెండోసారి ఆసుపత్రికి రాకుండా ఆగిపోయేవాళ్లే నిజంగా నష్టపోతారు.

రెండో దశలో వీఐఏ, పాప్ లేదా కాల్పోస్కోపీతో (పెద్దదిగా చూపే పరికరంతో) ముఖద్వారాన్ని చూస్తారు. 16 లేదా 18 రకం అయితే నేరుగా కాల్పోస్కోపీకి పంపుతారు. మార్పేమీ లేకపోతే ఏడాది, రెండేళ్లలో మళ్లీ హెచ్‌పీవీ పరీక్ష. మార్పు ఉండి, మచ్చ మొత్తం కనిపిస్తుంటే థర్మల్ అబ్లేషన్‌తో కాలుస్తారు. సుమారు 100 డిగ్రీల వేడి, ఒక్కో చోట అర నిమిషం లోపే. మత్తుమందు ఇచ్చి పడుకోబెట్టక్కర్లేదు, సాయంత్రానికి ఇంటికి వచ్చేయవచ్చు. తర్వాత నాలుగైదు వారాలు నీళ్లలా అవుతుంది, ఒక నెల దాంపత్యానికి దూరంగా ఉండాలి. ఏడాదికి మళ్లీ పరీక్ష. మచ్చ లోపలికి పాకితే లీప్ పద్ధతిలో, అంటే కరెంటుతో వేడెక్కే సన్నటి తీగతో, ఆ ముక్కను తీసి బయాప్సీకి (ముక్క పరీక్షకు) పంపుతారు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి లాంటి పెద్దాసుపత్రికి వెళ్లేటప్పుడు మొదటి రిపోర్టు అసలు కాగితం తీసుకెళ్లండి, లేకపోతే అంతా మళ్లీ మొదటి నుంచి.

కూతురికి హెచ్‌పీవీ టీకా వేయించాలంటే 9–14 ఏళ్లు మేలైన వయసు. తల్లికి ఇప్పటికే ఉన్న వైరస్‌ను టీకా పోగొట్టదు.

‘పాజిటివ్ వచ్చింది, గర్భసంచి తీయించేసుకుంటే పీడా పోతుంది’ అనే సలహా వినకండి. గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందువరసలో ఉంది. కేవలం వైరస్ ఉన్నందుకు ఆ ఆపరేషన్ అక్కర్లేదు. ఇప్పటికే తీయించుకుని ఉంటే డిశ్చార్జి కాగితం వెతికి, ముఖద్వారాన్ని కూడా తీశారో, వదిలేశారో డాక్టరుకు చూపించి తెలుసుకోండి. వదిలేసి ఉంటే మీకూ ఈ పరీక్ష కావాలి.